మీరడిగారు: తొలిచూలు డాల్ఫిన్ పిల్ల ఎందుకు దక్కదు?

పోయిన నెల ఈ శీర్షికలో సముద్రంలో బతికే పాలిచ్చే జంతువుల గురించి, అంటే డాల్ఫిన్లు, తిమింగలాలు, సీల్స్ గురించి, వాటి ఒంట్లో చేరుతున్న రసాయనాల గురించి ఒక పేజీ రాశాను. ఫ్లోరిడాలోని సరసోటా అఖాతంలో తొలిచూలు డాల్ఫిన్ పిల్లలు తర్వాతి కాన్పుల పిల్లలకన్నా ఎక్కువగా చనిపోతున్నాయని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను పశువుల డాక్టర్ని. తిరుపతిలో చదివాను. రేపల్లె దగ్గర ఐదేళ్లు గేదెలకి వైద్యం చేశాను. తర్వాత ఇరవై రెండేళ్లు అమెరికాలో ఒక ప్రయోగశాలలో సముద్ర జంతువుల కొవ్వు ముక్కల్లో విషాలు కొలిచే పని చేశాను. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను.

ప్రశ్న: సముద్రంలో తిరిగే డాల్ఫిన్‌కి ఆరోగ్య పరీక్ష ఎలా చేస్తారు మేడమ్? బోనులో పెడతారా? మత్తు ఇస్తారా?
*– ఇంటర్ విద్యార్థి, భీమిలి*

బోను అక్కర్లేదు బాబూ. లోతు తక్కువ నీళ్లు, పొడవాటి వల, ఓపిక ఉన్న మనుషులు కావాలి. ఒళ్లు మొత్తానికి మత్తు ఇవ్వరు. డాల్ఫిన్‌కి ఊపిరి తీయడం మనలాగా దానంతట అది జరిగిపోయే పని కాదు. పూర్తిగా మత్తులోకి పోతే ఊపిరే ఆగిపోవచ్చు.

సరసోటాలో ఈ పని 1970లో మొదలైంది. అప్పటికి హైస్కూలు కుర్రాడైన రాండల్ వెల్స్ అందులో సాయం చేయడానికి చేరి, ఆ తర్వాత జీవితమంతా ఆ డాల్ఫిన్లతోనే గడిపాడు. ప్రపంచంలో అడవి డాల్ఫిన్ల మీద ఇంతకాలం ఆగకుండా సాగిన అధ్యయనం ఇంకోటి లేదు. ఆ అఖాతంలో సుమారు 170 డాల్ఫిన్లు స్థిరంగా ఉంటాయి. ఒక్కోదాన్నీ వీపు మీది రెక్కని బట్టి గుర్తుపడతారు. మన దగ్గర గొర్రెల చెవులకి గాటు పెట్టుకుంటాం చూడు, అక్కడ ఆ పని సముద్రమే చేసి పెడుతుంది. సొరచేప కొరికో, ఇంకో డాల్ఫిన్ పళ్లు గీరో, పడవ తగిలో రెక్క అంచున పడిన గాట్లు జీవితాంతం ఉంటాయి. నిక్లో అని పేరు పెట్టిన ఒక ఆడ డాల్ఫిన్ అరవై ఏళ్లు దాటి బతికింది. దాని పిల్లలెవరో, మనవలెవరో అక్కడివాళ్లు మన పెద్దమ్మలు చుట్టరికాలు చెప్పినట్టు చెబుతారు.

పరీక్ష రోజున అర కిలోమీటరు పొడవు వలని పడవతో గుండ్రంగా తిప్పుతారు. లోపల రెండు మూడు డాల్ఫిన్లు ఉంటాయి. మనుషులు నీళ్లలోకి దిగి వల చుట్టూ నిలబడతారు. నేనూ ఒక సీజన్‌లో ఫ్లోరిడా తీరంలో ఇలాంటి పరీక్షకి ఛాతీ లోతు నీళ్లలో నిలబడ్డాను. నా వంతుకి తల పక్కన పట్టుకునే పని వచ్చింది. రెండు చేతుల మధ్య అది ఊపిరి వదిలినప్పుడల్లా నా మొహం మీదకి గాలి, తుంపరలు, కుళ్లు చేపల వాసన. నా పని ఆ ఊపిర్లు లెక్కపెట్టడమే. నిమిషానికి ఎన్నో గట్టిగా అరిచి చెప్పాలి. లెక్క తేడా వస్తే డాక్టరు చెయ్యి ఎత్తుతుంది, దాన్ని వెంటనే వదిలేస్తారు. ఎంత విలువైన నమూనా మిగిలిపోయినా సరే.

తోక రెక్కలో రక్తనాళాలు పైపైనే ఉంటాయి, రక్తం అక్కడ తీస్తారు. పడవ మీద తడి స్పాంజి పరుపు పరిచి పడుకోబెట్టి బరువు తూస్తారు, ఒంటి మీద నీళ్లు పోస్తూనే ఉంటారు. అల్ట్రాసౌండ్‌తో ఊపిరితిత్తులు చూస్తారు, చూడితో ఉందా లేదా చూస్తారు. గేదెకి చూడి పరీక్ష చెయ్యాలంటే భుజం దాకా చెయ్యి పెట్టాల్సి వచ్చేది మాకు! చర్మం కింది కొవ్వు లోంచి చిన్న ముక్క తీస్తారు, అక్కడి వరకే మత్తు సూది వేసి. వయసు తెలియని వాటికి అలాగే ఒక పన్ను తీస్తారు. పన్నుని పల్చగా కోసి చూస్తే చెట్టు మానులో ఉన్నట్టు వలయాలు కనిపిస్తాయి, ఏడాదికొకటి. ఇదంతా ప్రభుత్వ అనుమతితోనే. అమెరికాలో 1972 చట్టం ప్రకారం అనుమతి లేకుండా వీటిని ముట్టుకోకూడదు.

పెద్ద తిమింగలాలని ఇలా పట్టుకోవడం కుదరదు కాబట్టి, దూరం నుంచి బోలు మొన ఉన్న చిన్న బాణం కొడతారు. అది వేలి చివరంత ముక్క తీసుకుని వెనక్కి ఎగిరి పడి నీళ్లలో తేలుతుంది. డ్రోన్‌ని పంపి ఊపిరి తుంపరలు పట్టడం ఇంకో పద్ధతి.

ఇందులో అన్నిటికన్నా అవసరమైనది ఏది అంటే ఖరీదైన యంత్రం అనే అనుకుంటారు అందరూ. నేనూ అనుకున్నాను, ఒక పొరపాటు చేసేదాకా. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఫ్రీజర్ సర్దుతుంటే చేతికున్న స్పిరిట్ తగిలి ఆరు సీసాల మీది రాత చెరిగిపోయింది. లోపలి కొవ్వు భద్రంగానే ఉంది. కొలిచాను కూడా, అంకెలు చక్కగా వచ్చాయి. కానీ ఏది ముప్పై ఏళ్ల మగదో, ఏది నలుగురు పిల్లల తల్లో తెలియదు. మా పెద్దావిడ ఆ కాగితం చూసి ఏమీ అనలేదు, మడిచి చెత్తబుట్టలో వేసింది. తిట్టినా బాగుండేది. అంకె ఎవరిదో తెలియకపోతే అది ఎందుకూ పనికిరాదని ఆ రోజు అర్థమైంది. ఎందుకో కింది ఉత్తరంలో వస్తుంది.

ప్రశ్న: నాకు ఐదు నెలల పాప. తల్లి డాల్ఫిన్ పాల ద్వారా పిల్లకి విషం వెళుతుందని మీరు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మనకీ అంతేనా? పాలు ఆపేయమంటారా?
*– ఒక తల్లి, నిజాంపట్నం*

ఆపకు తల్లీ. ముందు ఆ మాట చెప్పి మిగతాది చెబుతాను. ఆరు నెలల దాకా తల్లిపాలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ రసాయనాల సంగతి అంతా తెలిసే చెబుతోంది. నేను ఈ పనిలో ఉండగానే మా అబ్బాయికి ఏడాదిన్నర పాలిచ్చాను. నిన్ను టెన్షన్ పెట్టినందుకు నన్ను క్షమించు.

ఇప్పుడు డాల్ఫిన్ కథ. పీసీబీలు (ఒకప్పుడు కరెంటు సామానులో నూనెగా వాడిన రసాయనాలు), డీడీటీ లాంటివి నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోవు. చిన్న చేపలో చిటికెడు, దాన్ని వందల కొద్దీ తిన్న పెద్ద చేపలో గుప్పెడు, ఆ పెద్ద చేపల్ని ముప్పై ఏళ్లు తిన్న డాల్ఫిన్‌లో బస్తా. చేపకైతే మొప్పల గుండా కొంత నీళ్లలోకి తిరిగి పోయే దారి ఉంది. డాల్ఫిన్‌కి మొప్పలు లేవు. పైగా మన కాలేయం విరగ్గొట్టగలిగిన కొన్ని పీసీబీలని వాటి కాలేయం విరగ్గొట్టలేదు.

మగ డాల్ఫిన్‌లో ఈ బరువు పుట్టిన దగ్గర నుంచి చచ్చేదాకా పెరుగుతూనే పోతుంది. ఆడదానిలో కూడా ఈడు వచ్చేదాకా అంతే. తొలి కాన్పు కాగానే గీత నిలువునా కిందికి పడుతుంది. ఎనిమిది పదేళ్లుగా పోగేసుకున్న దాంట్లో పెద్ద భాగం కొన్ని నెలల్లో పాలతో పాటు పిల్లలోకి వెళ్లిపోతుంది. రెండో పిల్లకి అంత రాదు, మూడోదానికి ఇంకా తక్కువ. అందుకే అన్నాను, ఆడా మగా, ఎన్ని కాన్పులు అన్నది తెలియకుండా కొలిస్తే లాభం లేదని. ఓర్కాలలో, అంటే కిల్లర్ వేల్స్ అనేవాటిలో, ఇంకో విచిత్రం ఉంది. వాటికి మన ఆడవాళ్లలాగే కాన్పులు ఆగిపోయే వయసు వస్తుంది. అది దాటాక పాలిచ్చే దారి మూసుకుపోయి, ముసలి అమ్మమ్మలో విషం మళ్లీ పెరగడం మొదలవుతుంది.

తొలిచూలు పిల్లలు ఎక్కువగా చనిపోవడానికి ఇదొక్కటే కారణమని మాత్రం నేను అనను. తొలి కాన్పు తల్లికి అనుభవం ఉండదు, సొరచేపల నుంచి కాచుకోవడం రాదు. తొలిచూలు పడ్డ దూడని తన్ని పాలివ్వని గేదెని నేనెన్ని చూడలేదు! రెండూ కలిసి పనిచేస్తున్నాయి, ఏది ఎంత అని విడదీయడం కష్టం.

మరి మన సంగతి? మన పాలలో కొవ్వు నాలుగు శాతం దగ్గర ఉంటుంది. చాలా తిమింగలాల పాలలో 30 శాతం పైనే. మనం అన్నం, పప్పు, కూరలు తింటాం. డాల్ఫిన్లు జీవితమంతా ఎక్కువగా చేపలే తింటాయి. స్వీడన్‌లో 1970ల నుంచి తల్లిపాలని కొలుస్తూ వస్తున్నారు, నిషేధాల తర్వాత ఈ రసాయనాలు తగ్గుతూ వచ్చాయి. నువ్వు భయపడాల్సినంత లేదు.

ఒక్క జాగ్రత్త చెబుతాను, మీది సముద్రపు ఊరు కాబట్టి. పాలు పడాలని బాలింతకి సొర పిట్టు పెట్టడం మన తీరమంతా ఉన్నదే, నాకూ మా అత్తగారు పెట్టారు. అడుగు, అడుగున్నర పిల్ల సొర ఎప్పుడో ఒకసారైతే పరవాలేదు. పెద్ద సొరలో పాదరసం ఎక్కువ చేరుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర మానేయాలని అమెరికా ప్రభుత్వమే చెబుతుంది. నెత్తళ్లు, కవళ్లు నిశ్చింతగా తిను. చిన్న చేప కొద్దికాలమే బతుకుతుంది, పోగేసుకునే సమయం దానికి ఉండదు.

ప్రశ్న: నేను విద్యుత్ శాఖలో 34 ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌తో చేతులు కడిగినంత పని చేశాం. ఆ నూనె తిమింగలం ఒంట్లోకి వెళ్లిందని మీరు రాస్తే నవ్వొచ్చింది. ఎలా వెళుతుంది చెప్పండి?
*– హన్మకొండ*

నవ్వండి సార్, మొదట్లో చాలామందికి నవ్వే వచ్చింది. అయితే ఒక సవరణ. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ అంతా పీసీబీ కాదు. మన స్తంభాల మీద ఉండేవాటిలో ఎక్కువగా మామూలు మినరల్ ఆయిలే. నిప్పు అంటుకోకూడని చోట్ల, పాత దిగుమతి సామానులో, కెపాసిటర్లలో పీసీబీ వాడేవాళ్లు. పాత నూనెని తీసి వేరే దాంట్లో కలిపిన చోట్ల కొంత పాకి ఉంటుంది. మా రేపల్లె వైపు మోకాళ్ల నొప్పులకి ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ రాసుకునేవాళ్లు ఉండేవారు. మీకు తెలిసినవాళ్లెవరైనా ఇంకా రాసుకుంటుంటే మాన్పించండి.

అమెరికాలో 1930 ప్రాంతంలో మొదలై ప్రపంచమంతా కలిపి పది లక్షల టన్నులకి పైగా పీసీబీ తయారైంది. కాలదు, కుళ్లదు, విరగదు అని మెచ్చుకుని వాడారు. రంగుల్లో కలిపారు, కిటికీల సందులు మూసే లప్పంలో కలిపారు. పాత సామాను చెత్తలోకి వెళ్లింది, చెత్త మీద వాన పడింది, వాన కాలవలోకి, కాలవ సముద్రంలోకి. కొంత ఆవిరై గాలిలో చలి దేశాల దాకా పోయి అక్కడ దిగింది. మీరు దాని గొప్పగుణం అనుకున్నదే, విరగకపోవడం, తిమింగలం పాలిట శాపమైంది.

దీన్ని కనిపెట్టిన తీరు చెప్పాలి. స్వీడన్‌లో సోరెన్ జెన్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త డీడీటీ కోసం వెతుకుతున్నాడు. యంత్రంలో ఏవో తెలియని గీతలు అడ్డొస్తున్నాయి. చేపల్లో, గద్దలో అవే. అవి పీసీబీలని తేల్చి 1966లో ప్రకటించాడు. ఇంట్లోవాళ్ల వెంట్రుకలు కూడా పరీక్షిస్తే భార్యకీ ఉంది, నెలల పాపకీ ఉంది. పాపకి పాలలోంచే వచ్చి ఉండాలి అనుకున్నాడు. డాల్ఫిన్లని ఎవరూ కొలవకముందే ఈ కథ ఒక ఇంట్లో మొదలైందన్న మాట.

అమెరికా 1979లో నిషేధించింది. 2001లో ఇలాంటి రసాయనాల మీద దేశాల మధ్య స్టాక్‌హోమ్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం పీసీబీ ఉన్న సామాను వాడకం 2025కల్లా ఆగాలి, ఉన్న నిల్వలు 2028కల్లా సరైన పద్ధతిలో వదిలించుకోవాలి. ఇంత జరిగాక 2016 జనవరిలో స్కాట్లాండ్‌లోని టైరీ దీవి ఒడ్డుకి లులు అనే ఆడ ఓర్కా చనిపోయి కొట్టుకొచ్చింది. వలతాడు చుట్టుకుని చచ్చింది. కొవ్వు కొలిస్తే కిలోకి 957 మిల్లీగ్రాముల పీసీబీ. సంతానం మీద దెబ్బ పడుతుందని శాస్త్రవేత్తలు వాడే పెద్ద హద్దే 41. లులుకి కనీసం ఇరవై ఏళ్లు. అండాశయాలు కోసి చూస్తే ఒక్కసారి కూడా చూడి కట్టిన గుర్తు లేదు. అంటే పాలతో దించుకునే అవకాశమే రాలేదు. విషం వల్ల చూడి కట్టలేదా, చూడి కట్టకపోవడం వల్ల విషం అంత పోగైందా? నాకు ఈ ప్రశ్న ఇప్పటికీ తేలదు. రెండూ ఒకదాన్నొకటి తోసి ఉంటాయి. ఆ గుంపులో మిగిలినవి కూడా చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్నే, అందులో ఏళ్ల తరబడి ఒక్క పిల్లా పుట్టలేదు.

ప్రశ్న: తిమింగలం చెవి గుబిలిలో దాని జాతకం ఉంటుందని మా సైన్స్ సార్ అన్నారు. నిజమా, జోకా?
*– తొమ్మిదో తరగతి, ఏలూరు*

నిజమే. నీలి తిమింగలం లాంటి వాటికి చెవి బయటికి తెరుచుకుని ఉండదు. గుబిలి రాలిపోయే దారి లేక పొర మీద పొర కడుతుంది. ఆరు నెలలకి ఒక పొర. 2007లో కాలిఫోర్నియా శాంటా బార్బరా దగ్గర ఓడ తగిలి చచ్చిన పన్నెండేళ్ల మగ నీలి తిమింగలం చెవిలోంచి జానెడు పైన పొడవున్న గుబిలి కడ్డీ తీశారు. ఏ పొరలో ఏముందో విడివిడిగా కొలిచారు. పురుగుమందుల అవశేషాలు ఎప్పుడు బాగా పెరిగాయి? పుట్టిన మొదటి ఏడాదిలో, తల్లి పాలు తాగుతున్నప్పుడు. మొత్తం జీవితంలో చేరినదాంట్లో ఐదో వంతు ఆ ఒక్క ఏడాదిలోనే. మీ సార్‌కి నా నమస్కారాలు చెప్పు.

ప్రశ్న: ఆకలితో చస్తాయి, జబ్బుతో చస్తాయి, ఓడ తగిలి చస్తాయి. రసాయనం వల్లే అని ఎలా అంటారు? ఒంట్లో విషం ఉంది అంటే విషం వల్ల చచ్చింది అని కాదు కదా.
*– ఒక న్యాయవాది, రాజమహేంద్రవరం*

కాదు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది.

1988లో ఉత్తర సముద్రంలో సుమారు 18,000 సీల్స్ చనిపోయాయి. కుక్కలకి వచ్చే డిస్టెంపర్ లాంటి వైరస్ అది. చంపింది వైరసే, సందేహం లేదు. అయితే అంత తేలిగ్గా ఎందుకు లొంగిపోయాయి? నెదర్లాండ్స్‌లో సీల్స్‌ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి శుభ్రమైన అట్లాంటిక్ హెర్రింగ్ చేపలు, రెండోదానికి కలుషితమైన బాల్టిక్ సముద్రపు హెర్రింగ్ చేపలు రెండున్నరేళ్లు పెట్టారు. అదే రకం చేప, తేడా అది పెరిగిన నీళ్లలోనే. బాల్టిక్ చేప తిన్నవాటిలో వైరస్‌తో పోరాడే తెల్లకణాల బలం తగ్గిపోయింది. మీ భాషలో చెప్పాలంటే వైరస్ హంతకుడు, తలుపు తీసిపెట్టింది ఇంకొకరు.

ఆకలి విషయానికొస్తే, ఆకలినీ విషాన్నీ వేరు చేయలేం. వాషింగ్టన్ రాష్ట్రం, కెనడా మధ్య నీళ్లలో చినూక్ సాల్మన్ చేపని నమ్ముకుని బతికే ఓర్కాలు ఉన్నాయి. ఒంట్లో కొవ్వు దట్టంగా ఉన్నంతకాలం విషం ఆ కొవ్వులో పడి ఉంటుంది, లాకర్‌లో పెట్టినట్టు. సాల్మన్ దొరక్క కొవ్వు కరిగించుకున్న రోజున లాకర్ తెరుచుకుని అదంతా రక్తంలోకి వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి వాటి పేడే కావాలి. టక్కర్ అనే నల్ల లాబ్రడార్ జాతి కుక్క పడవ ముందు నిలబడి, నీటి మీద తేలే ఓర్కా పేడ వాసన గాలిలో పసిగట్టేది. అది ఎటు ఒరిగితే పడవ అటు తిప్పేవారు. ఈత అంటే మాత్రం ఆ కుక్కకి గిట్టదు! ఆ పేడలోని హార్మోన్లు చూసి 2017లో తేల్చినదేమంటే, 2008 నుంచి 2014 దాకా ఆ ఓర్కాలకి వచ్చిన చూళ్లలో 69 శాతం దాకా నిలవలేదు. ముఖ్య కారణం ఆకలి అన్నారు వాళ్లు. విషం పాత్ర దాని వెనకాల ఉంది. చచ్చిన పిల్లని 17 రోజులు మోస్తూ తిరిగిన తహ్లెక్వా అనే తల్లి వార్త 2018లో మీరు చదివే ఉంటారు, అది ఈ గుంపుదే.

ఇక మీరు కోర్టులో అడిగేటట్టు, పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నది ఏది అంటే, జవాబు మళ్లీ సరసోటాయే. 2010 ఏప్రిల్‌లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలి 87 రోజులు నూనె కారింది. మర్నాటి ఏడాది లూసియానాలోని బరటారియా అఖాతంలో 32 డాల్ఫిన్లని పట్టి పరీక్షించారు. ఊపిరితిత్తుల జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉండే అవకాశం ఐదు రెట్లు ఎక్కువ. ఒత్తిడిని తట్టుకునే హార్మోన్లు అడుగంటాయి. దేనికన్నా ఐదు రెట్లు? నూనె తగలని సరసోటా డాల్ఫిన్లకన్నా. నలభై ఏళ్లుగా ఎవరో పనీపాటా లేనట్టు రెక్కల ఫొటోలు తీస్తూ కూర్చోబట్టే ఆ పోలిక దొరికింది. ఆ లెక్క లేకపోతే కంపెనీ వకీలు లేచి, ఈ జబ్బులు అన్ని డాల్ఫిన్లకీ ఉండేవే అని ఒక్క మాట అంటే చాలు.

ప్రశ్న: మనుషులకే మంచినీళ్లు లేవు. ఎక్కడో అమెరికా డాల్ఫిన్ల గురించి ఈ పేజీలు ఎందుకు? మన బంగాళాఖాతం మీకు కనిపించలేదా?
*– మచిలీపట్నం*

కనిపించింది. 1993లోనే జపాన్, తమిళనాడు శాస్త్రవేత్తలు కలిసి దక్షిణ భారత తీరంలో బంగాళాఖాతపు డాల్ఫిన్లని పరీక్షించి ప్రచురించారు. మనవాటిలో పీసీబీ కన్నా డీడీటీ ఎక్కువ. అది మన జాతకమే. నా చిన్నప్పుడు మలేరియా వాళ్లు వచ్చి గోడల మీద డీడీటీ కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి పోయేవారు. మా నాన్న ధాన్యం గాదె అడుగున గమాక్సిన్ పొడి చల్లేవాడు, చేత్తోనే. పొలాల్లో డీడీటీ 1989లో ఆగింది, గమాక్సిన్ 1997లో. చల్లినది ఎక్కడికి పోతుంది? కృష్ణా డెల్టా కాలవల్లో కొన్ని మీ బందరు వైపే కదా వస్తాయి.

ఇంకో సంగతి. క్లోర్‌పైరిఫాస్ లాంటి కొన్ని పురుగుమందులు మనల్ని వెంటనే పడగొట్టకుండా, ఒంట్లో ఒక ఎంజైమ్ వాటిని కొంతవరకైనా విరగ్గొడుతుంది. దాన్ని తయారుచేసే జన్యువు తిమింగలాలు, డాల్ఫిన్లు, సముద్రపు ఆవుల పూర్వీకుల్లో ఏనాడో పాడైపోయిందని 2018లో బయటపడింది. నీళ్లలో బతకడానికి అక్కర్లేదని ప్రకృతి వదిలేసింది. పురుగుమందులు వస్తాయని దానికేం తెలుసు!

మంచినీళ్ల గురించి మీ కోపం న్యాయమే. మీ ఊరి నీళ్లు పరీక్ష చేయించారా? చేయిస్తే ఆ కాగితం నాకు పంపండి, దాని మీద రాస్తాను.

ప్రశ్న: మంచి వార్త ఒక్కటీ లేదా మీ దగ్గర?
*– గృహిణి, నల్గొండ*

ఉంది. కెనడా సెయింట్ లారెన్స్ నదీముఖంలో తెల్లటి బెలూగా తిమింగలాలు ఉన్నాయి. 1980ల నుంచి చచ్చి ఒడ్డుకొచ్చినవాటిలో మరీ కుళ్లిపోనివాటిని లారీ ఎక్కించి పశువైద్య కళాశాలకి తీసుకెళ్లి కోసి చూస్తున్నారు. 1999 దాకా చూసిన పెద్దవాటిలో 27 శాతానికి క్యాన్సర్. అడవి జంతువుల్లో అంత ఎవరూ వినలేదు. ఎగువన సాగెనే నది ఒడ్డున అల్యూమినియం కర్మాగారాల మసి నీళ్లలోకి వచ్చేది. ఆ మసి మీద కట్టుబాట్లు వచ్చాయి. తర్వాత లెక్క చూసుకుంటే, 1971 తర్వాత పుట్టిన బెలూగాల్లో క్యాన్సర్ కనబడలేదు. పుట్టిన సంవత్సరం పన్ను కోసి తెలుసుకున్నారు. వాటికి వేరే కష్టాలు ఉన్నాయి, అవి ఇంకోసారి. ఈ ఒక్కటి మాత్రం మంచి వార్తే.

ప్రశ్న: మా తీరానికి అప్పుడప్పుడు డాల్ఫిన్ చచ్చి కొట్టుకొస్తుంది. కుర్రాళ్లు పక్కన సెల్ఫీలు దిగుతారు. ఒకసారి ఎవరో పళ్లు పీక్కుపోయారు. మేం ఏం చెయ్యాలి?
*– ఒక మత్స్యకారుడు, సోంపేట మండలం*

అన్నా, పళ్లు పీకితే కేసు అవుతుంది. ఇవి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువులు. పైగా ఆ పన్నులోనే దాని వయసు ఉంది. పన్ను పోతే సగం కథ పోయినట్టే.

అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి. వాళ్లు వచ్చేదాకా కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి, మీరూ ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. గేదెలు ఈసుకుపోయే జబ్బు ఉంది చూశారా, బ్రూసెల్లా, దాని చుట్టం డాల్ఫిన్లలోనూ ఉంటుంది. మనిషికి అంటుకుంటే నెలల తరబడి జ్వరం. బతికి ఉంటే ఊపిరి తీసే రంధ్రం మీద ఇసుక, నీళ్లు పడనివ్వకండి. ఒంటి మీద తడి గుడ్డ కప్పండి. తోక పట్టి మాత్రం లాగకండి.

చచ్చిపోయినదైతే ఫొటోలు తియ్యండి: మొత్తం ఒళ్లు ఒకటి, వీపు రెక్క ఒకటి, నోరు ఒకటి, పొట్ట కింది భాగం ఒకటి. ఆ చివరిది ఆడా మగా తేల్చడానికి. కుర్రాళ్లని పక్కకి జరగమనండి. కొలత తెలియడానికి పక్కన ఒక చెప్పు పెట్టి తీస్తే చాలు, ఎన్నో నంబరు చెప్పో కూడా రాసి పంపండి. ఆ తర్వాత చెప్పు బాగా కడుక్కోండి.